ఇప్పపూవు: ఆరబెట్టుట, పులియబెట్టుట

గత రెండు మాసములుగా మన సంఘ సభ్యులలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "అడవిపూలతో ఇంటియందే ద్రాక్షరసమువంటి సారము చేయవచ్చునందురు. మన ఇప్పపూవుతో నది సాధ్యమా? సాధ్యమైనచో పూవును చైత్రమాసమున వర్తకునకు చౌకగా నేల పోయవలెను?" అని వారి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నయే. ఒక్క మాటలో సమాధానము చెప్పవలెనన్న, సాధ్యమే. కాని చేయదగునా, ఎవరు చేయదగును, ఎప్పుడు చేయదగును, చేయుటకు ముందు ఏమి నేర్వవలెను అను నాలుగు సంగతులు తెలియక ఆ పనికి దిగినవారు పూవును, ధనమును, ఒక్కొక్కప్పుడు మర్యాదను గూడ పోగొట్టుకొందురు. కావున ఈ నెల పాఠముగా ఆ విషయమును మొదటినుండి చెప్పుచున్నాము. చదువురానివారికి చదువు వచ్చినవారు సంఘ సమావేశమున చదివి వినిపింతురు గాక.

1. చట్టము సంగతి ముందు

పాఠమునకు పూర్వమే ఒక హెచ్చరిక. మన రెండు తెలుగు రాష్ట్రములయందును 1968వ సంవత్సరపు ఆబ్కారీ చట్టము అమలులో నున్నది. లైసెన్సు లేక మత్తుపానీయమును తయారుచేయుట నేరము. కాచిన సారాయియే గాదు, కాచకుండ పులియబెట్టినదియు మద్యమే యగును. "అమ్ముటకు గాదు, ఇంటిలో త్రాగుటకే" అను మాట అధికారుల యెదుట చెల్లదు. వేఱు రాష్ట్రములలో వేఱు పద్ధతులు గలవు. మధ్యప్రదేశ్ ప్రభుత్వమువారు 2022లో ఇప్పసారాయికి వారసత్వ మద్యమను పేరిడి, ఆదివాసుల సంఘములు దానిని తయారుచేసి అమ్ముకొనుటకు మార్గ మేర్పఱచిరి. మనకు వచ్చు వార్తలలో చాలవఱకు అచ్చటివి. అచ్చటి వార్త చదివి ఇచ్చట కుండ పెట్టినవాడు చిక్కులలో పడును.

కావున ఈ పాఠమందలి యేడవ భాగము, సంఘము పక్షమున లైసెన్సు పొందదలచువారికి, పులియుట యందలి మర్మము తెలిసికొనగోరువారికి మాత్రమే. తక్కిన భాగములన్నియు అందఱికిని పనికివచ్చును. లైసెన్సు లేనివారికి ఆదాయ మిచ్చు మార్గము తొమ్మిదవ భాగమున చెప్పితిమి.

పూవునకును చట్టమునకును పోరు క్రొత్తది కాదు. 1892లో బొంబాయి ప్రభుత్వమువారు ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపూవును ఏరి నిలువచేయుటనే నిర్బంధించుచు ఒక ప్రత్యేక చట్టము చేసిరి. అందుకు చెప్పిన కారణము మద్యపానము. ఆబ్కారీ రాబడి తగ్గునను భయము మఱియొకటి. పూవును ఆహారముగా తినువారి ఆకలి ఆ లెక్కలో చేరలేదు. నేడు స్థితి మాఱినది. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము చిన్న తరహా అటవీ ఫలసాయమును ఏరుకొని, వాడుకొని, అమ్ముకొను హక్కును అడవిబిడ్డలకు ఒసగినది. పూవు మనది. దానితో ఏమి చేయుదుమన్నదియే ప్రశ్న.

2. పూవు స్వభావము

సంస్కృతమున మధూకమని, తెలుగున ఇప్ప యని పిలువబడు ఈ చెట్టు ఆకులు రాల్చి, ఫాల్గుణ చైత్రములందు పూచును. పూవు రాత్రి విచ్చి తెల్లవాఱుజామున రాలును. మనకు పనికివచ్చునది దాని లేత పసుపు వన్నె గల కండ, అనగా రేకులు కలిసి గోలీవలె నేర్పడిన భాగము. పచ్చిపూవున నూటికి ఎనుబది పాళ్లు నీరే. ఎండిన పూవున సగమునకు మించి చక్కెర. ఎండుద్రాక్షకు ఈ గుణమున సమీపముగా వచ్చు అడవివస్తువు మన ప్రాంతమున మఱియొకటి లేదు.

లెక్క చూడుడు. నూఱు కిలోల పచ్చిపూవున ఎనుబది కిలోలు నీరైనచో గట్టి పదార్థము ఇరువది కిలోలు. బాగుగా ఆరిన పూవున కొంత తడి మిగులును గనుక అది ఇరువదిరెండు, ఇరువదిమూడు కిలోలు తూగును. అనగా నాలుగు కిలోలకు పైబడిన పచ్చిపూవు ఒక కిలో ఎండుపూవగును. ఆ కిలోలో నున్న అరకిలో చక్కెరయే దాని విలువ. పూవు బూజుపట్టిన, పులిసిన, మట్టి కలిసిన, తగ్గునది ఆ విలువయే.

3. ఏరుట

పూవు క్రింద పడినది మొదలు చెడుట ప్రారంభించును. కావున నేలపై నెంత తక్కువ సేపుండిన అంత మేలు. చెట్టుక్రింద ఆకులను తగులబెట్టి నేలను చదును చేయు అలవాటు పలుచోట్ల గలదు. దానివలన మూడు నష్టములు: మంట అడవికి ప్రాకును, పూవునకు బూడిదయు మసియు నంటును, చెట్టు మొదలు కాలి బలము తగ్గును. చీపురుతో ఊడ్చి, పాతచీరలు గాని వలలు గాని పఱచుట మేలు. చెట్టుక్రింద వల కట్టి పట్టిన పూవు మట్టి తగులనిది గనుక ఆహారపు తరగతి క్రింద వేఱు ధర పలుకును. 2021లో ఛత్తీస్‌గఢ్ అడవులనుండి ఆరబెట్టిన ఇప్పపూవు ఫ్రాన్సు దేశమునకు ఓడలో ఎగుమతి యైనది. మసి పూసిన పూవునకు ఆ దారి లేదు.

ఎలుగుబంటికి ఈ పూవన్న మిక్కిలి ప్రీతి. చీకటిలో ఒంటరిగా పోరాదు. ఇద్దఱు ముగ్గురు కలిసి, మాటలాడుకొనుచు, వెలుతురు వచ్చిన పిమ్మట పోవుట క్షేమము. ఒక గంట ఆలస్యమువలన పోవు పూవుకంటె మనిషి విలువ యెక్కువ.

4. ఆరబెట్టుట

ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను. పులియబెట్టు విద్య కుండతో ప్రారంభమగునని పలువు రనుకొందురు. అది ఆరబెట్టు కళ్లముతో ప్రారంభమగును. ఈ సంగతి మేము పుస్తకమున గాక ఒక ముసలమ్మ వలన నేర్చితిమి. మా తప్పు గనుక దాచక చెప్పుచున్నాము.

మేము ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో ఒక కొండగ్రామమున పూవు నిలువ చేయుటను గూర్చి ప్రదర్శన పాఠము చెప్పితిమి. మూడు దినములు ఎండబెట్టి, గాలి చొరని ప్లాస్టికు సంచులలో గట్టిగా కట్టినచో వర్షకాలమంతయు నిలుచునని మా ఉపదేశము. ఆ యూర నొక విధవరాలు, అఱువది దాటినది, మా మాట నమ్మి తాను ఏరిన రమారమి నలుబది కిలోల పూవును అట్లే కట్టి అటుకపై నుంచెను. ఆ సంవత్సరము చైత్రమున నడుమ రెండు మబ్బు దినములు వచ్చిన సంగతి మేము లెక్కింపలేదు. మూడు దినములన్న మూడు దినములే యని పట్టుపట్టితిమి. శ్రావణమున సంచి విప్పిచూడగా పూవంతయు నల్లబడి, ముద్దకట్టి, బూజు వాసన గొట్టుచుండెను.

మేము మరల ఆ యూరికి పోయినప్పుడు ఆమె ఆ సంచిని మా ముందుంచి, "అయ్యా, నువ్వు దినాలు లెక్కబెట్టినవు గాని పూవును చేతబట్టి చూడకపోతివి" అనెను. కోపముతో గాదు, పిల్లవానికి చెప్పినట్లు చెప్పెను. పిమ్మట పొరుగింటినుండి మంచిపూవు పిడికెడు తెప్పించి మాకు పరీక్ష నేర్పెను. పిడికిట బిగించి వదలినచో ముద్దగా నుండు పూవు ఆరలేదు. దేనికది విడిపోయినచో ఆరినది. చేటలో వేసి కదిపిన, ఆరిన పూవు గలగల శబ్దము చేయును, ఆరనిది మెత్తగా దొర్లును. మేము ఆమెకు పూవు వెల యిచ్చితిమి. కాని ఆమె పోగొట్టుకొన్నది వెల గాదు. వర్షకాలమున జొన్నపిండితో కలిపి తినవలసిన తిండి. దానిని మేము తిరిగి ఈయజాలకపోతిమి. నాటినుండి ఏ గ్రామమునను దినముల లెక్క చెప్పుట మానితిమి.

కావున ఆరబెట్టు పద్ధతి యిది. పూవును ఏరిన దినముననే, శుభ్రమైన చాపపై గాని, నేలకు మూరెడెత్తున కట్టిన వెదురు తడికపై గాని, ఒక పూవు మందమున పఱుపవలెను. తడికయైనచో గాలి క్రిందనుండియు తగులును గనుక త్వరగా ఆరును. దినమునకు రెండు మూడు మాఱులు చేతితో కదుపవలెను. సాయంకాలము మంచు తగులక మునుపే కప్పవలెను లేదా ఇంటిలో పెట్టవలెను. మబ్బు పట్టినప్పుడు కుప్ప పోయరాదు; పలుచగా నింట పఱచి గాలి తగులనీయవలెను. సగము ఆరిన పిమ్మట అరచేతులతో నలిపి, చేటతో చెఱిగినచో లోపలి కేసరములు ఊడిపోవును. అవి యున్న పూవు చేదెక్కును.

5. తూకపు ఆశ, నిలువ

ఆరని పూవు బరువెక్కువ. అందువలన తడిగా నమ్ముట లాభమని కొందఱి తలంపు. నూఱు కిలోల పూవున ఇరువదియైదు పాళ్లు తడి యున్నదనుకొందము. దానిని పండ్రెండు పాళ్ల వఱకు ఆరబెట్టినచో ఎనుబదియైదు కిలోలగును. పదునైదు కిలోలు పోయెనని విచారింతురు. కాని వర్తకుడు ఆ తడిని ఎఱుగనివాడు కాడు. అతడు తడికి పదునైదు గాక, చెడునను భయమునకు మఱికొంత చేర్చి ధర తగ్గించును. అంతేగాక తడిపూవును మీరు నిలువచేయలేరు. ఆ దినముననే అతడడిగిన వెలకు అమ్మక తప్పదు. ఆరినపూవు గలవానికి కాచుకొను శక్తి యుండును. చైత్రమున అమ్మిన పూవునే వర్షకాలమున అధిక ధరకు కొని తెచ్చుకొను కుటుంబములను మేము చాల చూచితిమి.

నిలువకు క్రొత్త గాదెలుగాని, మూత గట్టిగా పట్టు రేకు డబ్బాలుగాని వాడవచ్చును. నేలపై గాక బల్లపై నుంచవలెను. నిలువచేసిన నెలకు ఒకమాఱు విప్పి పిడికిలి పరీక్ష చేయవలెను. తడి కనబడిన వెంటనే మరల నెండబెట్టవలెను. బూజుపట్టిన పూవును కడిగి వాడుదమనుకొనరాదు. బూజులో పుట్టు విషము కడిగిన పోదు, ఉడికించిన పోదు. దానిని పశువులకును పెట్టరాదు, ఎరువుగుంటలో వేయవలెను.

6. పులియుట యననేమి

పొద్దున తీయని కల్లు సాయంకాలమునకు పులిసి నురుగుగట్టుట మనమందఱము ఎఱుగుదుము. ఇడ్లీపిండి రాత్రికి పొంగుటయు పులియుటయే. ఇది దానంతట జరుగునది కాదని, కంటికి కనబడని జీవులు చేయు పనియని 1860 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్చరు పండితుడు స్థాపించెను. మద్యము విషయమున ఆ జీవి పేరు ఈస్టు. అది చక్కెరను తిని, దానిని రెండుగా విడగొట్టును. నూఱు పాళ్ల చక్కెరనుండి రమారమి ఏబదియొక్క పాళ్లు మద్యసారమును, నలుబదితొమ్మిది పాళ్లు బొగ్గుపులుసు గాలియు పుట్టును. నురుగులోని బుడగలు ఆ గాలియే.

ఈ జీవిని పశువువలె భావించిన సులభముగా బోధపడును. దానికి మేత కావలెను, అది చక్కెర. బలమునకు కొంచెము నత్రజని గల పదార్థము కావలెను. తగిన వేడి కావలెను. ఇరువది డిగ్రీలనుండి ఇరువదియెనిమిది వఱకు దానికి సుఖము. ముప్పదియైదు దాటిన బాధపడును, నలుబది దాటిన చాలవఱకు చచ్చును. మన చైత్రమున నీడయందే నలుబది యుండును. అనగా పూవు దొరకు కాలము పులియుటకు తగిన కాలము కాదు. మార్గశిర పుష్యములు తగిన కాలము. ఆ కాలమువఱకు పూవు చెడక నిలిచినవాడే మంచి సారము చేయగలడు. ఆరబెట్టుటనుగూర్చి మేమింత చెప్పుటకు ఇదియే హేతువు.

ఈస్టుతోబాటు మఱియొక జీవియు కాచుకొనియుండును. అది సిరకాజీవి. మద్యసారమునకు గాలి తగిలినప్పుడు దానిని పులుసుగా మార్చునది అదియే. ఈస్టునకు పని ముగియువఱకు గాలి రానీయకుండుట, శుభ్రత పాటించుట, ఈ రెండే ఈ విద్యలోని రహస్యము.

మన పూర్వుల కీ విద్య తెలియనిది కాదు. చరకసంహితలో గ్రహణీచికిత్స యందు మధూకాసవము చెప్పబడినది. ఆసవారిష్టములు పులియుటకై వైద్యులు ధాతకీపుష్పమును చేర్చు ఆచారము నేటికిని గలదు. ఔషధముగా దాని మోతాదు చెంచాలతో కొలువబడునని మఱువరాదు.

7. పూసారము చేయు విధానము

కావలసినవి: కేసరములు తీసిన ఎండు ఇప్పపూవు ఒక కిలో, మరగించిన నీరు నాలుగున్నర లీటర్లు, నిమ్మకాయలు ఆఱు, ఎండుద్రాక్ష యాబది గ్రాములు, రొట్టెలకు వాడు పొడి ఈస్టు ఒక చిన్న చెంచా. ద్రాక్షసారమునకై అమ్ము ఈస్టు దొరికిన మఱియు మంచిది.

పాత్ర: గాజుజాడీ గాని పింగాణి జాడీ గాని. ఇత్తడి, రాగి, ఇనుము పనికిరావు. పులుపు వానిని తినును, ఆ విషము పానీయమున చేరును. జాడీని, గరిటెను, గుడ్డను, గొట్టమును సలసల కాగిన నీటితో కడిగి వాడవలెను.

మొదటి దినము: పూవును చన్నీట ఒక్కమాఱు త్వరగా కడిగి తీయవలెను, ఎక్కువ సేపు నానిన చక్కెర నీటబడిపోవును. కాగి కొంచెము చల్లారిన నీరు మూడు లీటర్లు దానిపై పోసి, మూతపెట్టి, ఒక గంట నుంచవలెను. పిమ్మట చేతితో గాక చెక్కగరిటెతో మెదిపి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. పిప్పిపై మిగిలిన నీరు వెచ్చగా పోసి మరల పిండవలెను. రెండు రసములను కలిపి, నిమ్మరసము పిండి, చితుకగొట్టిన ఎండుద్రాక్ష వేయవలెను. ఇప్పపూవున పులుపు తక్కువ. నిమ్మరసము రుచికే గాక చెడ్డ జీవులను అణచుటకును ఉపయోగించును. ఎండుద్రాక్ష ఈస్టునకు బలము.

రసము గోరువెచ్చనకంటె తక్కువ వేడికి వచ్చినపిమ్మట, ఈస్టును ఒక గిన్నెడు గోరువెచ్చని రసమున కలిపి, పావుగంటలో నురుగు వచ్చిన తరువాత జాడీలో పోయవలెను. నురుగు రానిచో ఆ ఈస్టు చచ్చినది, క్రొత్తది తేవలెను. జాడీలో మూడుపాళ్లు మాత్రమే నింపి, నాలుగవపాలు నురుగునకు వదలవలెను.

మూత: జాడీమూతి బిరడాకు రంధ్రముచేసి, సన్నని రబ్బరు గొట్టము దూర్చి, దాని రెండవకొసను నీళ్లుగల సీసాలో ముంచవలెను. లోపలి గాలి బుడగలుగా బయటికి పోవును. బయటిగాలి లోనికి రాదు. బిరడా చుట్టు మైనముతో కప్పవలెను. మూతిని గట్టిగా మూసి గాలికి దారి వదలనివారి జాడీ ప్రేలును.

పిమ్మట: జాడీని చీకటిగల చల్లని గదిలో తడియిసుకపై నుంచవలెను. మొదటి ఐదాఱు దినములు బుడగలు త్వరత్వరగా వచ్చును. పది పండ్రెండు దినములకు నెమ్మదించును. మడ్డి అడుగున దిగును. అప్పుడు మడ్డిని కదపక, గొట్టముతో తేటను వేఱొక శుభ్రమైన సీసాలోనికి దింపి, మెడవఱకు నింపి, మరల అదేవిధముగా గొట్టపు బిరడా పెట్టవలెను. మూడు నాలుగు వారములకు బుడగలు పూర్తిగా నిలిచి ద్రవము తేటపడును. మరల నొకమాఱు తేటదింపి, చిన్నసీసాలలో పోసి, రెండు మూడు మాసములుంచిన పూవు యొక్క ఘాటువాసన తగ్గి రుచి కుదురును. బుడగలు నిలువక మునుపు సీసాలకు బిరడా బిగించుట ప్రమాదకరము.

ఈ కొలతలలో చేసిన సారమున మద్యసారము నూటికి ఆఱేడు పాళ్లుండును. దీనిని కాచి బట్టీపట్టు సంగతి మా పాఠమున లేదు. కాచుటవలన మద్యసారమును, దానితోబాటు కొన్ని హానికరములైన పదార్థములును చిక్కబడును. కొలమానములు, పరీక్షలు లేని బట్టీలో వానిని వేఱుచేయుట పామరులకు సాధ్యము గాదు.

మఱియొక హెచ్చరిక. బొగ్గుపులుసు గాలి మామూలు గాలికంటె బరువైనది. పెద్ద తొట్లతో మూసిన గదిలో గాని, గుంటలో గాని పులియబెట్టినచో ఆ గాలి క్రిందికి దిగి నిలుచును. అందు దిగినవాడు కేక వేయుటకైనను వ్యవధి లేక పడిపోవును, రక్షింపబోయినవాడును పడును. గుంటలలో పులియబెట్టనే రాదు. గదికి తలుపు, కిటికీ తెఱచియుండవలెను.

8. తప్పులు, వాని కారణములు

బుడగలే రాకున్న: రసము మిక్కిలి వేడిగా నున్నప్పుడు ఈస్టు వేసిరి, లేదా ఈస్టు పాతది. చల్లార్చి క్రొత్త ఈస్టు వేయవలెను.

ముక్కు నంటు పులుపు పుట్టిన: గాలి చొచ్చినది. ఇది తిరిగి బాగుపడదు. పూర్తిగా పులియనిచ్చినచో సిరకా యగును, ఊరగాయలకు పనికివచ్చును.

పైన తెల్లని పొర యేర్పడిన: సీసా నిండుగా లేదు, శుభ్రత తక్కువ. పొర పలుచగా నున్నప్పుడే తేటదింపి నిండుగా నింపవలెను.

కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చిన: ఈస్టునకు బలము చాలలేదు, లేదా మడ్డిపై చాలకాల ముంచిరి. వెంటనే తేటదింపవలెను.

జిగురుగా తీగసాగిన, బూజు వాసన వచ్చిన: పూవే చెడినది. ఏ ఉపాయమును లేదు, పాఱబోయవలెను. రుచి చూడనుగూడ రాదు.

9. లైసెన్సు లేనివారు చేయదగిన పని

ఏడవ భాగమున వడకట్టిన తీయని రసమును చూచితిరి గదా. ఈస్టు వేయక, నిమ్మకాయ లొకటి రెండు మాత్రము పిండి, అప్పుడే పొయ్యిపై పెట్టి సన్నని సెగపై చిక్కబఱచినచో ఇప్పపాకము సిద్ధించును. కిలో పూవున కరకిలోకు పైగా పాకము వచ్చును. బెల్లపుపాకమువలె తీగపాకమునకు వచ్చిన పిమ్మట వేడిగా నుండగనే కాగిన నీటితో కడిగి ఆరబెట్టిన సీసాలలో పోసి మూయవలెను. చక్కెర అంత చిక్కగా నున్నప్పుడు ఈస్టు బ్రతుకజాలదు. అందుచేత అది పులియదు. రొట్టెలకు, జావకు, పిల్లల చిరుతిండికి ఇది పనికివచ్చును. రసమును ఉదయము తీసి సాయంకాలమువఱకు ఉంచరాదు; ఎండకాలమున కొద్దిగంటలలోనే పులియ నారంభించును.

మఱియొకటి లడ్డు. ఎండుపూవును దోరగా వేయించి, దంచి, వేయించిన నువ్వులు, వేరుసెనగలు, బెల్లము చేర్చి కట్టవలెను. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘమువారు ఇట్టి లడ్డులను చేసి అమ్ముచు, తమ యూళ్ల పూవునకు తామే గిరాకీ కల్పించుకొనిరి. వారికి మద్యపు లైసెన్సుతో పని లేకపోయెను.

10. సంఘము చేయవలసినది

తెలుగుదేశమున గిరిజన సహకార సంస్థ 1956లో స్థాపితమైనది. అడవి ఫలసాయమును దళారి చేతినుండి తప్పించుటయే దాని తొలి యుద్దేశము. కేంద్ర ప్రభుత్వమువారు 2020లో ఎండు ఇప్పపూవు కనీసపు మద్దతు ధరను కిలో 17 రూపాయలనుండి 30 రూపాయలకు పెంచిరి. కాని ఏ ధరయైనను ఆరిన, శుభ్రమైన పూవునకే దక్కును. కావున ప్రతి గ్రామసంఘమును ఈ మూడు పనులు చేయవలెనని మా సలహా. మొదటిది, వెదురు తడికలను, వలలను ఉమ్మడిగా కొనుట. రెండవది, పూవును తరగతులుగా వేఱుచేసి, మంచిపూవు తెచ్చినవానికి మంచివెల యిచ్చుట. అందఱి పూవును ఒకే రాశిలో కలిపిన, శ్రద్ధ గలవాని శ్రమ శ్రద్ధలేనివాని తడిలో మునుగును. మూడవది, పూవును తాకట్టుగా నుంచుకొని సభ్యునకు చైత్రమున కొంత బదులిచ్చుట. అవసరము తీరిన రైతు పూవును ఆషాఢమువఱకు కాచుకొనగలడు.

లైసెన్సు పొంది పూసారము చేయదలచు సంఘములు మఱియొక సంగతి తలపోయవలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమునకు ఎదురుతిరిగిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993లో ప్రభుత్వమువారు సారా నిషేధించువఱకు ఆగలేదు. ఆ స్త్రీలు అడిగినది తమ భర్తల కూలి ఇల్లు చేరవలెననియే. కావున ఇట్టి తీర్మానము చేయునప్పుడు సంఘమున స్త్రీసభ్యుల సమ్మతి లేనిదే ముందుకు పోరాదు. షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపదార్థములను నియంత్రించు అధికారము 1996వ సంవత్సరపు పెసా చట్టముచే గ్రామసభకు సంక్రమించినది. ఆ సభలో మొదట మాటలాడవలసినవారు ఆ యూరి గృహిణులు. వారు వలదన్నచో లడ్డులును, పాకమును ఉండనే యున్నవి. పూవు వ్యర్థము కాదు.

మాకు పిడికిలి పరీక్ష నేర్పిన ముసలమ్మ నేడు లేదు. మేము ప్రతి చైత్రమునను ఏ కళ్లమునకు పోయినను ముందుగా పూవును చేతబట్టి చూతుము. పిమ్మటనే నోరు విప్పుదుము. మా పాఠము చదువు రైతులును అట్లే చేయవలెనని కోరుచున్నాము.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ యూర నిరుడు ఎన్ని కిలోల పూవు తడివలన చెడినది? దాని వెల యెంత?

2. పిడికిలి పరీక్షను, చేట పరీక్షను ఒకరు చేసి చూపుడు. ఆరినపూవునకును ఆరనిదానికిని గల భేద మేమి?

3. చైత్రమున పులియబెట్టిన రసము ఏల చెడును? మార్గశిరమున ఏల బాగుండును?

4. జాడీమూతికి గొట్టము లేనిచో కలుగు రెండు అపాయము లేవి?

5. మీ సంఘమున వలలు, తడికలు కొనుటకు ఎంత సొమ్ము కావలెను? ఒక్కొక్క సభ్యునిపై ఎంత పడును?